అమెరికా పెద్ద కాలేజీల్లో సీటు: న్యాయమెంత, అదృష్టమెంత, జాతి ఎంత? – తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి నెలాఖరులో ఒకరోజు సాయంత్రం ఏడింటికి ఐవీ లీగ్ కాలేజీలు (హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి ఎనిమిది పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు) దాదాపు అన్నీ ఒకేసారి ఫలితాలు వదులుతాయి. ఎనిమిదింటికల్లా ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మొదలు: ఫలానా వాళ్లమ్మాయికి వచ్చిందట, మావాడికి రాలేదు, స్కోరు చూస్తే మావాడిదే ఎక్కువ, ఇదేం న్యాయం? న్యూజెర్సీలో ఇద్దరు పిల్లల్ని ఆ గేటు దాకా తీసుకెళ్లినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్నలు నన్ను అడుగుతుంటారు. ఒకప్పుడు నేనూ అడిగినవే. లాయర్ని కాను, కౌన్సెలర్నీ కాను. కోర్టు తీర్పులు మాత్రం ఓపిగ్గా చదివాను.

మావాడికి కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో 1600కి 1580, స్కూలు మార్కుల సగటు జీపీఏ 4.0. అయినా హార్వర్డ్ ఎందుకు కాదంది?

అలాంటి పిల్లలు అక్కడ కుప్పలు తెప్పలు కాబట్టి. హార్వర్డ్ మీద నడిచిన కేసులో 2015లో చేరిన బ్యాచ్ లెక్కలు బయటికొచ్చాయి. దరఖాస్తులు 35,000 పైచిలుకు, క్లాసులో సీట్లు దాదాపు 1,600. దరఖాస్తు పెట్టిన అమెరికా పిల్లల్లో జీపీఏ నూటికి నూరు ఉన్నవాళ్లే 8,000 మంది దాటారు. శాట్ లెక్కల్లో పూర్తి మార్కులు 3,400 మందికి పైగా, ఇంగ్లీషులో 2,700 మందికి పైగా. ఒక్క జీపీఏ చూసి నింపినా క్లాసు అయిదుసార్లు నిండుతుంది. 2024 నాటికి దరఖాస్తులు 54,008కి చేరాయి, పిలిచింది 1,937 మందిని.

మనది పేపర్లో హాల్‌టికెట్ నంబరు వెతుక్కున్న తరం. ఎంసెట్‌లో 812 వచ్చినవాడు 813 కంటే ముందు, అందులో వాదన లేదు. ఇక్కడ ఆ వరసే లేదు. 1580 అన్నది గేటు దాకా వెళ్లడానికి టోకెన్ మాత్రమే. నాకు ఇది బుర్రకెక్కడానికి పెద్దవాడి ఫలితాలు వచ్చిపోవాల్సి వచ్చింది.

అంటే లాటరీయేనా?

పూర్తిగా కాదు. మొదటి వడపోత నిజంగానే చదువు మీద జరుగుతుంది, అక్కడ చాలామంది ఆగిపోతారు. మిగిలినవాళ్లలో ఎవరైనా ఆ చదువు చదవగలరు. అసలు చిక్కు అక్కడే.

హార్వర్డ్‌లో ప్రతి ఫైలుకీ చదువు, బయటి వ్యాపకాలు, ఆటలు, వ్యక్తిత్వం అంటూ 1 నుంచి 6 దాకా రేటింగులు వేసేవారు, 1 అన్నిటికంటే మేలు. తర్వాత దాదాపు 40 మంది కమిటీ కూర్చుని ఓట్లు వేసేది. చివర్లో సీట్లకు మించి పేర్లు మిగిలితే కోత పెట్టేవారు. కోత జాబితాలో ఒక్కొక్కరి పక్కన నాలుగే నాలుగు విషయాలు ఉండేవని సుప్రీంకోర్టు తీర్పులోనే రాశారు: తల్లిదండ్రులు అక్కడ చదివారా, ఆటల కోటాలో పిలిచారా, ఆర్థిక సాయం అర్హత, జాతి. ఏళ్ల తరబడి వయొలిన్, డిబేట్, సైన్స్ ఫెయిర్ అంటూ తిరిగిన పిల్ల ఆ ఘట్టంలో ఒక్క వరుసగా మిగులుతుంది.

ఇక మిగతా అదృష్టం సంగతి. ఆ ఏడు కాలేజీ బ్యాండులో బసూన్ అనే ఊదే వాయిద్యం వాయించేవాళ్లు వెళ్లిపోయారా? మీ ఫైలు చదివినామెకు అంతకు ముందు గంటలో అచ్చం ఇలాంటి రోబోటిక్స్ ఫైళ్లు నాలుగు తగిలాయా? మీ టీచరు ఉత్తరం మనసుపెట్టి రాశారా, తేదీ మార్చి పంపేశారా? ఇవేవీ పిల్ల చేతిలో ఉన్నవి కావు.

ఇలా జాతిని కూడా చూసి సీటివ్వడం మన రిజర్వేషన్ లాంటిదే కదా?

తెలుగువాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పోలిక చూడగానే కళ్లకు కడుతుంది, లోపలికి వెళితే నిలబడదు.

మన ఐఐటీల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27, ఈడబ్ల్యూఎస్‌కు 10. సీట్లు ముందే కేటాయించి ఉంటాయి. ఏ కేటగిరీలో ఏ ర్యాంకుతో ఏ బ్రాంచి మూసుకుందో సీట్లు కేటాయించే జోసా సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. నచ్చినా నచ్చకపోయినా లెక్క కళ్ల ముందు ఉంటుంది. అమెరికాలో జాతి పేరున అలా సీట్లు పక్కన పెట్టడం 1978 నుంచే చెల్లదు. కాలిఫోర్నియాలో డేవిస్ మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 మైనారిటీలకు ఉంచింది. అలన్ బక్కీ అనే తెల్ల అభ్యర్థి కోర్టుకెళ్లాడు. కోటా కుదరదు, పలు అంశాల్లో ఒకటిగా జాతిని చూడొచ్చు అని తీర్పు వచ్చింది. మిషిగన్ యూనివర్సిటీ 150 పాయింట్ల స్కేలులో మైనారిటీ పిల్లలకు నేరుగా 20 పాయింట్లు కలిపేది. 2003లో సుప్రీంకోర్టు అదీ కొట్టేసింది. అదే రోజు, అదే యూనివర్సిటీ లా స్కూలు ఒక్కొక్క ఫైలు విడిగా చదివే పద్ధతికి మాత్రం సరేనంది. చూడొచ్చు గానీ ఇంత అని కొలిచి చెప్పకూడదు అన్నట్టు తయారైంది. ఇన్ని రహస్యాలకు, ఇన్ని అనుమానాలకు మూలం అదే.

ఇంకో తేడా దీనికంటే లోతైనది. మన దగ్గర రిజర్వేషన్‌కు ఆధారం తరతరాల అన్యాయం. మద్రాసు రాష్ట్రంలో కాలేజీ సీట్లను 14 చొప్పున కట్టలు కట్టి కులాలవారీగా పంచే కమ్యూనల్ జీవో ఉండేది. కోస్తా, రాయలసీమ అప్పట్లో ఆ రాష్ట్రంలోవే. 1951లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేస్తే, అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణతో 15(4) అధికరణం తెచ్చి వెనుకబడిన వర్గాలకు దారి వేశారు. అమెరికా కోర్టు సమాజం చేసిన పాత అన్యాయాన్ని కాలేజీ సీటుతో సరిదిద్దే వాదనను ఒప్పుకోలేదు. రకరకాల పిల్లలు కలిసి చదివితే అందరి చదువూ బాగుపడుతుంది అన్న ఒక్క కారణాన్నే మిగిల్చింది. బానిసత్వం గురించి మాట్లాడాల్సిన చోట క్యాంపస్ వాతావరణం గురించి 45 ఏళ్లు మాట్లాడారు. ఆ వాదన 2023లో అంత తేలిగ్గా కూలడానికి ఇదీ ఒక కారణమని నాకనిపిస్తుంది.

2023 తీర్పు సంగతి రెండు ముక్కల్లో చెప్పండి.

ఎడ్వర్డ్ బ్లమ్ అనే ఆయన పెట్టిన స్టూడెంట్స్ ఫర్ ఫెయిర్ అడ్మిషన్స్ సంస్థ 2014లో హార్వర్డ్ మీద, నార్త్ కరోలినా యూనివర్సిటీ మీద కేసులు వేసింది. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు జాతిని బట్టి సీటు నిర్ణయించడం కుదరదంది. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాసిన తీర్పు అది. నార్త్ కరోలినా కేసులో 6-3, హార్వర్డ్ కేసులో 6-2. హార్వర్డ్ పాలకమండలిలో ఉండి వచ్చిన జస్టిస్ కేతాంజీ బ్రౌన్ జాక్సన్ ఆ కేసు నుంచి తప్పుకోవడంతో రెండో సంఖ్య తగ్గింది. జాతి తన బతుకును ఎలా మలిచిందో పిల్లవాడు ఎస్సేలో రాసుకుంటే కాలేజీ దాన్ని చదివి లెక్కలోకి తీసుకోవచ్చని మాత్రం ఒక సందు వదిలారు.

ఏషియన్ పిల్లల పట్ల వివక్ష జరిగిందా, లేదా? సూటిగా చెప్పండి.

2018 అక్టోబరులో బోస్టన్ కోర్టులో విచారణ మొదలైనప్పుడు అందరి చూపూ ఒక్క అంకె మీదే: వ్యక్తిత్వ రేటింగు. చదువులో, బయటి వ్యాపకాల్లో ఏషియన్ పిల్లలకు (మనవాళ్లూ ఈ లెక్కలోకే వస్తారు) మంచి రేటింగులు వచ్చేవి. ఆప్యాయత, ధైర్యం, మంచితనం వంటివి చూసి వేసే ఈ ఒక్కదాంట్లో మిగతావాళ్ల కంటే తక్కువ పడేవి. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసిన పూర్వ విద్యార్థులు మాత్రం ఏషియన్లకూ తెల్లవాళ్లకూ ఇంచుమించు ఒకే రేటింగు ఇచ్చారు. ముఖం చూసినవాళ్లకు కనపడని లోటు, కాగితం చూసినవాళ్లకు కనపడింది. కావాలని చేసిన వివక్షకు రుజువు లేదని కింది కోర్టు 2019లో చెప్పింది, 2020లో అప్పీలు కోర్టూ అదే మాట అంది. వాళ్లకు రుజువు కనపడకపోయి ఉండొచ్చు. నా మటుకు నాకు ఆ అంకె ఇప్పటికీ మింగుడు పడదు.

దీనికి పాత కథ ఒకటుంది. 1922 నాటికి హార్వర్డ్‌లో అయిదోవంతు పైగా యూదు విద్యార్థులు. వాళ్లు పరీక్షల్లో బాగా రాసేవారు. ప్రెసిడెంట్ లారెన్స్ లోవెల్‌కు అది నచ్చలేదు. దరఖాస్తులో కొత్త ప్రశ్నలు పుట్టుకొచ్చాయి: తల్లి పుట్టింటి ఇంటిపేరేమిటి, పుట్టాక నీ పేరు గానీ మీ నాన్న పేరు గానీ మార్చుకున్నారా? ఆ తర్వాత ఫోటో, నడవడిక, దేశంలో ఏ మూల నుంచి వచ్చాడన్న లెక్క. మార్కులే కాక మనిషి మొత్తాన్ని చూస్తామంటూ ఈరోజు మనం హోలిస్టిక్ అని గౌరవంగా పిలుచుకునే పద్ధతికి పునాది అక్కడ పడింది. పద్ధతి మొత్తం చెడ్డదని అనను. పేద పిల్లవాడి 1450 వెనకాల ఎంత కష్టముందో చూడగలిగేదీ ఇదే పద్ధతి. కాకపోతే కనపడని తూకంరాయి ఎవరి చేతిలో ఉంటే తూకం వాళ్లది.

తీర్పు తర్వాత మన పిల్లలకు సీట్లు పెరిగాయా?

కాలేజీని బట్టి ఉంది. 2024లో చేరిన బ్యాచ్ చూస్తే, ఎంఐటీలో ఏషియన్ అమెరికన్లు దాదాపు 41 నుంచి 47 శాతానికి పెరిగారు, నల్లజాతి పిల్లలు దాదాపు 13 నుంచి 5కు పడిపోయారు. హార్వర్డ్‌లో ఏషియన్లు 37 దగ్గరే ఉండిపోయారు. యేల్‌లో ఏషియన్లు 30 నుంచి 24కు తగ్గారు, ప్రిన్స్‌టన్‌లోనూ కాస్త తగ్గారు. 2025లో చేరిన హార్వర్డ్ బ్యాచ్‌లో ఏషియన్లు 41 శాతానికి పెరిగారు, నల్లజాతి పిల్లలు 11.5కు దిగారు. పైగా జాతి చెప్పకుండా వదిలేసే పిల్లలూ ఉంటారు కాబట్టి ఈ శాతాలను గీత గీసినట్టు పోల్చలేం.

మీవాడికి ఎంత లాభం అంటారా? ఎంఐటీలో ఆరు శాతం అంటే ఓ 65 సీట్లు. అది దేశం మొత్తంలోని ఏషియన్ పిల్లలందరికీ కలిపి. మా ఎడిసన్‌లో ఒక్క హైస్కూలు పిల్లల్ని నిలబెడితేనే ఆ వరస అంతకంటే పొడుగు.

లెగసీ అంటారు, ఏమిటది?

అమ్మో నాన్నో అదే కాలేజీలో చదివి ఉంటే పిల్లలకు దొరికే మొగ్గు. మన భాషలో పెట్టి పుట్టడం. హార్వర్డ్ కేసులో బయటపడ్డ ఆరేళ్ల లెక్కల్లో లెగసీ పిల్లల్లో నూటికి 33 మందికి సీటొచ్చింది. మిగతావాళ్లలో ఆరుగురికి. ఆటగాళ్లు, లెగసీలు, దాతల పిల్లలు, ప్రొఫెసర్ల పిల్లలు, ఈ నాలుగు రకాలూ కలిపితే సీటొచ్చిన తెల్లపిల్లల్లో 43 శాతం. నల్లజాతి, హిస్పానిక్, ఏషియన్ పిల్లల్లో ఏ గుంపు చూసినా 16 శాతం లోపే. ఆ 43 శాతంలో నాలుగింట మూడొంతుల మందికి ఈ మొగ్గు లేకపోతే సీటు వచ్చేది కాదని కేసు వేసినవాళ్ల తరఫు ఆర్థికవేత్తే మరో ఇద్దరితో కలిసి లెక్కగట్టారు.

మన గ్రూపుల్లో నల్లజాతి పిల్లవాడికి తక్కువ స్కోరుతో సీటొచ్చిందన్న వార్త గంటలో వంద చేతులు మారుతుంది. తాతగారి నుంచి హార్వర్డ్ వారసత్వంగా వస్తున్నవాడి స్కోరెంత అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. 2023 తీర్పు ఆ తలుపు జోలికి పోలేదు.

ఎంఐటీ, కాల్‌టెక్ లెగసీ చూడవు. జాన్స్ హాప్‌కిన్స్, ఆమ్‌హర్స్ట్ మానేశాయి. కొలరాడో ప్రభుత్వ కాలేజీల్లో 2021లో, వర్జీనియాలో 2024లో నిషేధించారు. కాలిఫోర్నియా ప్రైవేటు కాలేజీలకూ నిషేధం పెట్టింది. మనం మాస్టర్స్ చేసిన స్టేట్ యూనివర్సిటీ హార్వర్డ్ గేటు దగ్గర లెగసీ కిందికి రాదు. మన మనవల నాటికి మాత్రం మనమూ ఈ తలుపు ముందు నిలబడి సంప్రదాయం, సంప్రదాయం అంటామేమో.

డబ్బుంటే సీటు కొనుక్కోవచ్చా?

చట్టానికి లోబడి కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు, భవనాల మీద పేర్లు చూడండి. చట్టం తప్పితే రిక్ సింగర్ అనే అడ్మిషన్ల కన్సల్టెంటు కథ అవుతుంది. 2019 మార్చిలో బయటపడ్డ ఆ కుంభకోణంలో 50 మంది మీద కేసులు పెట్టారు. కోచ్‌లకు లంచాలిచ్చి, ఆట ఆడని పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించి, పరీక్షల్లో జవాబులు దిద్దించి సీట్లు ఇప్పించాడు. దీన్ని ఆయన పక్క తలుపు అనేవాడు. వెనక తలుపుకు, అంటే భారీ విరాళానికి, ఖర్చెక్కువ, గ్యారంటీ లేదు. నా సేవ చవక, గ్యారంటీ ఉంది అన్నది ఆయన బేరం. 2023లో మూడున్నరేళ్ల జైలు పడింది.

వీటికంటే పెద్ద విషయం ఏ నేరమూ లేకుండా జరిగేది. రాజ్ చెట్టి, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 2023లో ఎనిమిది ఐవీలు, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో లెక్కలు చూశారు. ఒకే శాట్ స్కోరున్నా, అత్యంత సంపన్నులైన ఒక్క శాతం ఇళ్ల పిల్లలకు సగటు అభ్యర్థి కంటే సీటు వచ్చే అవకాశం 34 శాతం ఎక్కువ. అందులోనూ పై పదోవంతుకు రెట్టింపు పైగా. కారణాలు మూడు: లెగసీ, ఆటల కోటా, చదువేతర రేటింగులు.

వర్జీనియాలో టీజే స్కూలు గొడవేమిటి?

టీజే అంటే థామస్ జెఫర్సన్ హైస్కూలు, ఎంపిక చేసి చేర్చుకునే ప్రభుత్వ స్కూలు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఇల్లు వెతికే తెలుగువాళ్ల నోట ముందుగా వచ్చే పేరు. 2020లో స్కూల్ బోర్డు ప్రవేశ పరీక్షనూ 100 డాలర్ల ఫీజునూ తీసేసింది. ఒక్కో మిడిల్ స్కూలు నుంచి పై 1.5 శాతం పిల్లలకు చోటు పెట్టి, సీట్లు 480 నుంచి 550కి పెంచింది. మొదటి ఏడే ఏషియన్ల వాటా 73 నుంచి 54 శాతానికి పడింది. మన కుటుంబాలతో సహా చాలామంది భగ్గుమన్నారు. కేసు పెట్టారు, కింది కోర్టులో గెలిచారు, 2023 మేలో అప్పీలు కోర్టులో ఓడారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు.

అప్పీలు తీర్పులో నా కన్ను ఆగిన చోటు ఒకటుంది. పాత పద్ధతి చివరి ఏడాది సీటొచ్చిన ఏషియన్లలో పేదింటి పిల్లలు ఒక్కరు. కొత్త పద్ధతి మొదటి ఏడాది 51 మంది. రెండు వందల డాలర్ల పుస్తకాలు, వేల డాలర్ల కోచింగ్ కొనిచ్చిన తండ్రిగా అది చదివి కాసేపు పేజీని కిందికి జరపలేకపోయాను. అలాగని ఆ 19 శాతం దిగుడు బోర్డుకు ముందు తెలియదంటే నమ్మను.

ఎస్సేలో మన భారతీయత దాచాలా? ఏషియన్ అని గడి నింపకూడదా?

నిర్ణయం తీసుకునేవాళ్లకు ఆ గడి ఇప్పుడు కనపడనివ్వరు. ఇంటిపేరు ఎలాగూ కనపడుతుంది, పాతిక అక్షరాల ఇంటిపేర్లు మనవి. దాచి లాభం లేదు.

మా అమ్మాయి ముందు కూచిపూడి గురించి రాసింది. బావుంది, కానీ మరో వంద మంది రాసేదే. దాన్ని చింపి, వాళ్ల అమ్మమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజు గురించి రాసింది. దుబాసీ పని తనది. డాక్టరు అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా?" అంటాడు. ఆవిడ ప్రతిసారీ "రెండూ ఒకటేనమ్మా, ఆయన్ని బాధపెట్టకు, ఏదో ఒకటి చెప్పేయ్" అంటుంది. చెప్పేయాలా, నిజం చెప్పాలా అన్నదే ఆ ఎస్సే. మంచి ఎస్సే. దాంతో పెట్టిన దరఖాస్తుల్లో మూడు చోట్ల వచ్చింది, ఏడు చోట్ల రాలేదు. అవే అక్షరాలు.

ఎర్లీ డెసిషన్ వేస్తే మేలేనా?

ఒకే ఒక్క కాలేజీకి ముందుగా దరఖాస్తు పెట్టే పద్ధతి అది. అవకాశం పెరుగుతుంది. కానీ వస్తే చేరి తీరాలి, వేరే కాలేజీల ఆర్థిక సాయంతో పోల్చుకునే వీలుండదు. ఫీజు చూసుకోనక్కరలేనివాళ్లకు కట్టిన మరో తలుపు అది.

హైదరాబాద్, విజయవాడల నుంచి డిగ్రీకి అప్లై చేసే పిల్లల సంగతి?

వాళ్ల పోటీ వేరు, విదేశీ విద్యార్థుల్లో లెక్క. అక్కడ జాతి కంటే డబ్బు పెద్ద ప్రశ్న. సాయం అడిగినంత మాత్రాన అవకాశం తగ్గించని కాలేజీలు కొన్నే: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ వంటివి. మిగతా చాలాచోట్ల తగ్గుతుంది. ఎంఎస్ అడ్మిషన్లకు మాత్రం ఈ పేజీలో ఉన్నదేదీ వర్తించదు, అది డిపార్ట్‌మెంటుల వ్యవహారం.

ఇంత తలనొప్పి ఎందుకు, అర్హత ఉన్నవాళ్లందరి పేర్లూ డబ్బాలో వేసి చీటీ తీయొచ్చుగా?

నవ్వకండి, నెదర్లాండ్స్‌లో చేశారు. మెడిసిన్ సీట్లకు 1972 నుంచి లాటరీ, మార్కులు ఎక్కువైతే చీటీ తగిలే అవకాశం ఎక్కువ. 2017లో ఆపేశారు, తర్వాత మళ్లీ అనుమతించారు. నాకు ఇష్టమైన పద్ధతి ఇదే. రాకపోతే పిల్ల తనలో లోపం వెతుక్కోదు, వస్తే తండ్రి మీసం మెలేయడు. అమెరికా పెద్ద కాలేజీలు ఇది పెట్టవు. ఎంచుకునే అధికారమే వాళ్ల ఆస్తి.

రాకపోతే జీవితం దెబ్బతింటుందా?

చెట్టి బృందం దీన్నీ చూసింది, అదీ తెలివిగా. వెయిట్‌లిస్టులో ఉండి, చివర్లో సీటొచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చారు. అక్కడ తేడా దాదాపు అదృష్టమే కదా. మంచి స్టేట్ యూనివర్సిటీకి వెళ్లినవాళ్లతో పోలిస్తే సగటు జీతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. సంపాదనలో పై ఒక్క శాతంలోకి చేరే అవకాశం మాత్రం సగానికి సగం పెరిగింది. పేరున్న కంపెనీల్లో, పెద్ద పీజీ కాలేజీల్లో చోటు విషయంలోనూ ఐవీ వాళ్లదే పైచేయి. అంటే బతుకుదెరువుకు ఢోకా లేదు. దేశాన్ని నడిపే కుర్చీల దగ్గరికి వెళ్లే దారి మాత్రం అక్కడి నుంచి దగ్గర. ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఆ కుర్చీల కోసమే, జీతం కోసం కాదు.

కాదన్నాక అప్పీలు చేసుకోవచ్చా?

ఈ స్థాయి ప్రైవేటు కాలేజీల్లో దాదాపు ఎక్కడా వినరు. వెయిట్‌లిస్టులో పెడితే ఇంకా ఆసక్తి ఉందని ఒక చిన్న ఉత్తరం రాయొచ్చు, ఒక్కటి చాలు. ఈలోగా మే 1 లోపు వచ్చిన కాలేజీకి డిపాజిట్ కట్టేయాలి, లేకపోతే రెంటికీ చెడతారు. మా అమ్మాయి ఏప్రిల్ 30 రాత్రి పదకొండున్నరకు కట్టింది. కార్డు నంబరు చదివింది నేను. రెండుసార్లు తప్పు చదివితే "నాన్నా, కార్డు ఇటివ్వు" అని తీసుకుని తనే కొట్టేసుకుంది.